చెయ్యి ఆనే చోటు

చక్కటి దస్తూరి కంటపడితే అందరూ అడిగేది ఒకటే: "ఏ పెన్నుతో రాశారండీ?" ఆ తర్వాత సిరా సంగతి. ఇంకాస్త ఆసక్తి ఉన్నవాళ్లయితే కాగితం ఎక్కడ దొరుకుతుందని. కాగితం కింద ఏం పరిచారనీ, రాసేటప్పుడు మోచెయ్యి ఎక్కడ పెట్టుకున్నారనీ అడిగినవాళ్లు నాకు తగల్లేదు. అక్షరకళ నేర్పేచోట కూడా పాళీ పట్టుకునే తీరు చూపించి నేరుగా గీతల్లోకి దిగిపోతారు. తెలుగు అక్షరాలు రాస్తూ రాస్తూ నేను గట్టిగా నమ్ముతున్నదేమిటంటే, అక్షరం బాగోగులు చాలావరకు కాగితం అడుగునా, అరచేతి అడుగునా తేలిపోతాయి. పాళీ వంతు ఆ తర్వాతే.

నమ్మకం కలక్కపోతే ఇంట్లో పిల్లల పరీక్ష అట్ట తీసుకోండి. దాని మీద ఒకే ఒక్క కాగితం పెట్టి, మొన చదునుగా ఉన్న పాళీతో 'క' రాయండి. అట్ట గట్టిది, బొత్తిగా లొంగదు. పాళీ రవ్వంత అటో ఇటో వాలిందంటే మొనలో ఒక మూలే కాగితాన్ని తాకుతుంది. గీత ఒక అంచు నున్నగా, రెండో అంచు గరుకుగా వస్తుంది. తలకట్టు దగ్గర సిరా తెగిపోతుంది కూడా. ఇప్పుడు అదే కాగితం కింద పాత దినపత్రిక నాలుగు మడతలు పరిచి మళ్లీ రాయండి. అడుగు వెంట్రుకవాసి లొంగుతుంది, మొన రెండు మూలలూ కాగితాన్ని తాకుతాయి, గీత నిండుగా వస్తుంది. మెత్తదనం మేలే కదా అని తువ్వాలు మడిచి వేశారో, పాళీ కాగితంలోకి దిగబడి పీచు లేపుతుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడ ఆగాలో మీ చేతికే తెలియాలి. నా బల్ల మీద ఒక డ్రాయింగు బోర్డు ఉంటుంది. వెనక అంచు కింద రెండు లావాటి నిఘంటువులు పెట్టి వాలు తెప్పించాను. బోర్డు మీద అద్దుడు కాగితాలు కొన్ని, వాటి మీద ఒక మందపాటి తెల్ల కాగితం, ఆ పైన రాయాల్సింది. అద్దుడు కాగితాలు తేమ పట్టి ఉబ్బుతాయి కాబట్టి తరచూ మారుస్తాను.

తేమ మాట వచ్చింది గనుక చెమట గురించి కూడా చెప్పాలి. మే నెలలో మన ఊళ్లలో ఏసీ లేని గదిలో కూర్చుని రాసేవాళ్లకు ఇది తెలిసిన బాధే. అరచేతి అంచు కాగితం మీద ఆనినచోట రెండు రకాల నష్టం జరుగుతుంది. చర్మం మీది జిడ్డు అంటుకున్నచోట సిరా పట్టదు, గీత మధ్యలో తెల్లటి మచ్చలు మిగులుతాయి. చెమట ఇంకినచోట కాగితానికి పట్టించిన గంజి వదులై సిరా పీచు పీచుగా పాకుతుంది. పై పంక్తి అద్భుతంగా వచ్చి కింది పంక్తులు ఎందుకు చెడిపోతున్నాయో తెలియక కొత్తవాళ్లు తల పట్టుకుంటారు. రాసేటప్పుడు చెయ్యి ఎప్పుడూ కింది పంక్తుల చోటునే ఉంటుంది మరి. విరుగుడు ఎంత తేలికో: శుభ్రమైన కాగితం ముక్కను రెండుగా మడిచి అరచేతి కింద పెట్టుకోవడం. చెయ్యి దాని మీదే ఆనాలి, చేతితో పాటే అది జరగాలి.

ఈ కాగితం ముక్క విలువ నాకు బాగా తెలిసింది హైదరాబాద్ ఛత్తా బజార్లో. పెళ్లి కార్డుల దుకాణాల మధ్య ఉర్దూ కాతిబులు, అంటే చేతిరాత లేఖకులు, కూర్చునే చోటు అది. ఇప్పుడు కంప్యూటర్ల హోరులో కొద్దిమందే మిగిలారు. వాళ్లలో ఒక పెద్దాయన దగ్గర కూర్చుని, ఆయన రాస్తుంటే చూసే భాగ్యం నాకు దక్కింది. ఆయన ముందు బల్ల లేదు. నేల మీద పరుపు, ఎడమ కాలు మడిచి, కుడి మోకాలు పైకి లేపి, ఆ మోకాలి మీద కాగితాలు దొంతరగా పెట్టి కుట్టిన మెత్తటి అట్ట. ఉర్దూలో, ఫారసీలో దాన్ని జేర్ మష్క్ అంటారు. టర్కీ కాతిబులు కూడా సరిగ్గా ఇలాగే, అల్త్‌లిక్ అనే మెత్తటి అట్టను కుడి మోకాలి మీద పెట్టుకుని శతాబ్దాల తరబడి రాశారు.

"చాచా, టేబుల్ మీద రాయొచ్చు గదా, నడుము నొప్పి పెట్టదా?" అని అడిగాను.

"టేబుల్ మీద రాస్తే టేబుల్ చెప్పినట్టు నేను వంగాలె బేటా. ఇది నా మోకాలు. నేను చెప్పినట్టు వింటది," అన్నాడాయన.

ఆ మాటలో ఎంత సత్యముందో ఆయన చేతిని చూస్తే అర్థమైంది. ఉర్దూ రాసే నస్తలీఖ్ లిపిలో పదం కుడివైపు పైనుంచి మొదలై ఎడమవైపు కిందికి జారుతూ వస్తుంది. 'నూన్' లాంటి అక్షరానికి అడుగున లోతైన గిన్నె లాంటి వంపు ఉంటుంది. ఆ వంపు తిప్పేటప్పుడు ఆయన కుడి చెయ్యి జరిగింది చాలా తక్కువ. ఎడమ చేత్తో అట్టను కొద్దిగా తిప్పాడు, మోకాలు కొద్దిగా వాల్చాడు. కలం ఉన్నచోటే ఉంది, కాగితం దాని కిందికి వచ్చింది. అట్ట మెత్తగా లొంగడం వల్ల, కలం ఏ కోణంలో తిరిగినా మొన మొత్తం వెడల్పూ కాగితాన్ని అంటుకునే ఉంది.

పూర్వం తాను పత్రికకు రాసిన రోజుల గురించి కూడా చెప్పాడు. లిథో అచ్చు కాలంలో, గంజి పూత పూసిన ప్రత్యేకమైన కాగితం మీద జిడ్డు సిరాతో రాసేవారు. ఆ రాత అచ్చు ఫలకం మీదికి దిగేది. లిథో పనిచేసేదే జిడ్డు సూత్రం మీద: ఎక్కడ జిడ్డు ఉంటే అక్కడ అచ్చు సిరా అంటుతుంది, మిగతాచోట తడి దాన్ని నెట్టేస్తుంది. అంటే కాతిబు వేలిముద్ర పడితే ఆ వేలిముద్ర కూడా పత్రికలో అచ్చవుతుంది! అందుకే అరచేతి కింద మడత కాగితం లేకుండా కలం ముట్టనిచ్చేవారు కాదట ఉస్తాదులు. చెన్నైలో 1927లో మొదలైన 'ది ముసల్మాన్' ఉర్దూ దినపత్రికను చేత్తో రాసి అచ్చువేయడం గురించి చాలామంది విని ఉంటారు. ఆ ఘనత చెప్పుకునేటప్పుడు కలం గురించే చెబుతాం. రోజుకు కొన్ని పేజీలు, గడువులోగా, చెయ్యి వణక్కుండా రాయాలంటే ఆ చెయ్యి దేని మీదో హాయిగా ఆని ఉండాలి కదా. అది ఎవరూ చెప్పరు.

మన వాళ్లకైతే అసలు బల్లే లేదు. తాటాకు మీద రాసిన లేఖకుడిని ఊహించుకోండి. బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆకు ఎడమ చేతిలో ఉంది, వెడల్పు రెండు మూడు వేళ్లకు మించదు. కుడి పిడికిట్లో ఇనుప గంటం. గంటం మొన దగ్గర ఎడమ బొటనవేలు కాపలా కాస్తుంది. దక్షిణాదిలో చాలాచోట్ల లేఖకులు ఆ బొటనవేలి గోరు పెంచి, అందులో చిన్న గాడి కోసుకునేవారు. గంటం కాడ ఆ గాడిలో కూర్చుంటుంది. ఇక కుడి చెయ్యి మొనను తిప్పడం వరకే చేస్తుంది. ముందుకు సాగడమంతా ఎడమ చేతి పని: ఒక్కో అక్షరం పూర్తికాగానే ఆకును ఎడమవైపుకు కొద్దికొద్దిగా జరుపుతూ పోతుంది. బల్ల, ఆసరా, కొలబద్ద, మూడూ ఆ ఒక్క ఎడమ చేతిలోనే ఉన్నాయి.

ఇంకొక సంగతి. గంటంతో గీస్తున్నప్పుడు అక్షరం సరిగా కనపడదు. ఆకు రంగులోనే గీత ఉంటుంది, వెలుతురు ఏటవాలుగా పడితే తప్ప పోల్చుకోలేం. రాత పూర్తయ్యాక మసిలో నూనో ఆకుపసరో కలిపి పూసి తుడిస్తే, గాట్లలో నలుపు నిలిచి అప్పుడు అక్షరాలు పైకి తేలతాయి. అంటే లేఖకుడు చాలావరకు స్పర్శ మీదే రాశాడన్నమాట. గంటం ఎంత లోతు దిగిందో గోటికి తెలియాలి. ఎక్కువ దిగితే ఆకు చిల్లిపడి వెనకవైపు రాత పాడవుతుంది, తక్కువైతే మసి నిలవదు. ఆకును నీళ్లలో ఉడికించి, ఆరబెట్టి, నున్నటి రాయితో రుద్ది సిద్ధం చేయడం కూడా ఈ స్పర్శ కోసమే. శ్రీతాళం ఆకు పల్చగా, మెత్తగా ఉంటుంది. మామూలు తాటాకు దళసరి, బిరుసు. రెండింటి మీదా ఒకే చెయ్యి ఒకే బలంతో రాయలేదు.

తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉండటానికి తాటాకే కారణమని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అడ్డగీత గీస్తే ఆకు నారల వెంట చీలిపోతుంది గనుక వంపులు తిరిగాయని. ఈ మాటలో కొంత నిజం ఉండొచ్చు గానీ నేను పూర్తిగా ఒప్పుకోను. తమిళం కూడా తాటాకు మీదే రాశారు. తమిళ అక్షరాల్లో సరళరేఖలకు కొదవలేదు. మన అక్షరాల గుండ్రదనం రాతి శాసనాల్లోనూ కనిపిస్తుంది, రాయి చీలుతుందని భయం లేదు కదా. నాకు తోచింది చెబుతాను. గోటి గాడిలో ఆనిన గంటానికి గుండ్రంగా తిరగడం అతి సహజమైన కదలిక. గాడి కీలులా పనిచేస్తుంది. మొన చుట్టూ తిరుగుతుంది, కాడ నిలిచి ఉంటుంది. ఆకు చీలుతుందన్న భయం కన్నా, చెయ్యి ఆనిన పద్ధతి ఈ సున్నలను, సుడులను ఎక్కువగా పెంచి పోషించి ఉంటుంది. ఇది నా అభిప్రాయం. గంటం పట్టి ఒక్క ఆకు రాసి చూసినవాళ్లు దీన్ని తేలిగ్గా తీసిపారేయలేరని మాత్రం అనుకుంటున్నాను. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు ఉన్నాయి. తిరుపతిలో, హైదరాబాదులో కూడా ప్రాచ్య లిఖిత గ్రంథాలయాలున్నాయి. వెళ్లే వీలుంటే ఒక్క ఆకును తదేకంగా చూడండి. ఆ చిన్న పంక్తులు కొస దాకా ఒకే ఎత్తున నడిచిపోవడం చూస్తే ఎడమ చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

విచిత్రమేమిటంటే, చేతిని నిలిపి కాగితాన్ని జరపాలన్న ఇదే సూత్రం లండన్‌లో ఎడ్వర్డ్ జాన్‌స్టన్ చెప్పాడు. లండన్ భూగర్భ రైళ్ల బోర్డుల మీది అక్షరాలు గీసింది ఆయనే. మరుగునపడిన వెడల్పు పాళీ రాతను మధ్యయుగపు గ్రంథాలు చూసి మళ్లీ బతికించి, 1899 నుంచి పాఠాలు చెప్పాడు. 1906లో వచ్చిన ఆయన పుస్తకంలో అక్షరాల కన్నా ముందు బల్ల గురించి, బోర్డు వాలు గురించి, అడుగున పరిచే కాగితాల గురించి వివరంగా రాశాడు. బోర్డుకు అడ్డంగా ఒక పట్టీ కట్టి, దాని కిందనుంచి కాగితం జారేలా పెట్టుకోమన్నాడు. పంక్తి పూర్తయితే చెయ్యి కిందికి దిగదు, కాగితమే పైకి జరుగుతుంది. చెయ్యి ఎప్పుడూ తనకు అలవాటైన ఒకే ఎత్తున పనిచేస్తుంది. పేజీ అడుగుకు వచ్చేసరికి మోచెయ్యి బల్ల అంచు దాటి గాల్లో వేలాడి, అక్షరాలు నీరసపడటం మనందరి నోటుపుస్తకాల్లోనూ ఉన్నదే. ఆ జబ్బుకు ఇది మందు.

వాలుకు ఇంకో ప్రయోజనం ఉంది. బల్ల చదునుగా ఉంటే పాళీ నిలువుగా నిలబడి సిరా ఒక్కసారిగా కిందికి దిగుతుంది, అక్షరం మొదట్లో బొట్టు కడుతుంది. బోర్డు ఏటవాలుగా లేస్తే పాళీ దాదాపు అడ్డంగా పడుకుంటుంది, సిరా అడిగినంతే వస్తుంది. మధ్యయుగపు క్రైస్తవ లేఖకులు వాలు బల్లల మీద, కుడి చేత ఈక, ఎడమ చేత చిన్న కత్తి పట్టుకుని రాశారు. కత్తి మొనతో చర్మపత్రం పైకి లేవకుండా అదిమి పట్టేవారు. అదే కత్తితో ఈక చెక్కేవారు, తప్పు గీకేవారు. అక్కడా ఎడమ చేతికి తీరిక లేదు.

చైనా, జపాన్‌ల సంగతి వేరు. అక్కడ కుంచె రాత. నిలువు వరుసలు కుడి నుంచి ఎడమకు పోతాయి గనుక తడి ఆరని వరుస మీదికి చెయ్యి వస్తుంది. చిన్న అక్షరాలకు చీల్చిన వెదురు బద్దను బోర్లించి దాని మీద చెయ్యి ఆనించుకుంటారు. పెద్ద అక్షరాలకైతే చెయ్యి మొత్తం గాల్లోనే. కాగితం కింద ఉన్ని గుడ్డ పరుస్తారు, మిగులు సిరా పీల్చుకోవడానికి.

నన్ను ఇంకా ఎక్కువ లాగేది శ్రీకాళహస్తి కలంకారీ. బొమ్మల మధ్య పట్టీల్లో తెలుగు అక్షరాలు రాసే సంప్రదాయం ఉంది కాబట్టి దాన్ని రాత కిందే లెక్కపెడతాను. రాయడానికి ముందు గుడ్డను గేదె పాలలో, కరక్కాయ రసంలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని వెన్న నూలు పోగుల మధ్య చేరి రంగు పాకకుండా ఆపుతుంది. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన ద్రావకం గుడ్డను తాకగానే కరక్కాయలోని వగరుతో కలిసి నల్లబడుతుంది. ఇస్తాంబుల్ కాతిబులు కాగితానికి గంజీ, గుడ్డు తెల్లసొనా పూసి, ఆరాక రాయితో మెరుగు పెట్టి, నెలల తరబడి పక్కన పెట్టేవారు. సిరా కాగితంలోకి దిగకుండా పైనే నిలిచేది, తప్పు పడితే తడి వేలితో తుడిచేయగలిగేవారు. అక్కడ తెల్లసొన, ఇక్కడ గేదె పాలు. సిరా ఎంత దూరం పోవచ్చో కలం ముట్టకముందే తేల్చిపెట్టారు ఇద్దరూ. మనం మాత్రం జిరాక్స్ కాగితం కట్ట విప్పి, సిరా పాకుతోందని సిరాను తిడుతున్నాం.

గోడల మీద, షాపుల బోర్డుల మీద రాసే పెయింటర్లను గుర్తుచేసుకోకుండా ఈ వ్యాసం ముగించలేను. నిచ్చెన మీద నిలబడి, నిలువు గోడ మీద, తడి పెయింటుతో, రెండడుగుల 'శ్రీ' రాయడం మాటలా? కొందరు ఎడమ చేత్తో ఒక కర్ర పట్టుకుంటారు, దాని కొసకు గుడ్డ చుట్టిన ఉండ ఉంటుంది. ఆ ఉండను ఎండిన చోట ఆనించి, కర్ర మీద కుడి మణికట్టు జారిస్తారు. కర్ర లేనివాళ్లు ఎడమ పిడికిలి గోడకు మోపి, దాని మీద కుడి చెయ్యి పెడతారు. అదీ కుదరకపోతే చిటికెన వేలు ఒక్కటే ఆధారం. మా చిన్నప్పుడు అలా రాసే ఆయన్ని చూస్తూ సందు మొదట్లో నిలబడిపోయేవాళ్లం. పెద్ద వంపు వచ్చినప్పుడు ఆయన ఊపిరి బిగబట్టి, భుజం నుంచి తిప్పేవాడు. వేళ్లు కదిలేవే కావు. ఫ్లెక్సీలు వచ్చి ఆ చేతులకు పని లేకుండా చేశాయి. గోడ మీద కుంచె పట్టడం ఎలాగో పుస్తకంలో దొరకదు. మిగిలిన కొద్దిమంది దగ్గరే నేర్చుకోవాలి, వాళ్లుండగానే.

వీటన్నిటిలో కాగితం మీద రాసే మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. చెయ్యి ఆనాలి, అతుక్కోకూడదు. మణికట్టును బల్లకు అదిమిపెట్టి 'ఠ' రాస్తే, వేళ్లు అందినంత మేర తిరిగి సున్న కోడిగుడ్డులా సాగుతుంది. 'ఘ', 'ఝ' లాంటి పొడుగాటి అక్షరాల్లో అయితే మధ్యలో చెయ్యి ఎత్తి మళ్లీ పెట్టాల్సి వస్తుంది, ఆ అతుకు కనిపిస్తుంది. ముంజేతి కండ బల్ల మీద ఆని, దాని మీదే చెయ్యి అటూ ఇటూ దొర్లుతుంటే, చిటికెన వేలి గోరు కాగితం మీద జారుతుంటే, వంపు ఒక్క ఊపులో పూర్తవుతుంది. అమెరికాలో ఆస్టిన్ పామర్ 1894లో వ్యాపార రాత నేర్పడానికి వేసిన పుస్తకం ఈ ముంజేతి కదలిక మీదే నడిచింది. ఇంగ్లీషు గొలుసుకట్టు రాతకు చెప్పిన ఆ పద్ధతి, వంపులే ప్రాణమైన తెలుగుకు ఇంకా బాగా నప్పుతుంది.

అయితే ముంజెయ్యి ఆనించడానికి చోటేది? ఇదే నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం. మన కోచింగ్ సెంటర్లలో, కాలేజీల్లో పిల్లలు కూర్చునేవి కుడివైపు చిన్న పలక బిగించిన కుర్చీలు. నోటుపుస్తకం పెడితే పలక నిండిపోతుంది, ముంజేతికి నాలుగు వేళ్ల చోటు కూడా మిగలదు. మోచెయ్యి గాల్లో ఉంటే బరువంతా మణికట్టు మీద పడుతుంది, వేళ్లు పెన్నును పిసుకుతాయి. మూడు గంటల పరీక్షలో రెండో గంటకే చెయ్యి లాగేసిందని పిల్లలంటే, రాత అలవాటు లేదని గదమాయిస్తాం. ఎడమ చేత్తో రాసేవాళ్ల గతి మరీ ఘోరం. ఒళ్లంతా కుడివైపు మెలిపెట్టుకుని, చెయ్యి పంక్తి పైనుంచి వంకర తిప్పి, తడి సిరాను తామే చెరుపుకుంటూ రాస్తారు. అలాంటి పిల్లలు కాగితాన్ని పై అంచు కుడివైపు వాలేలా తిప్పుకుని, చెయ్యి పంక్తికి కిందుగా ఉంచుకుంటే రాత చెరగదు. కానీ కాగితం అలా తిప్పుకోవడానికి పలక వెడల్పు ఉండాలి కదా. ఎడమవైపు పలక ఉన్న కుర్చీలు బజారులో దొరుకుతూనే ఉన్నాయి. కొనేవాళ్లు అడగాలి, ప్రతి గదికీ కొన్ని తెప్పించాలి, అంతే.

ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు మార్కుల జాబితాతో పాటు మీ పిల్లలు కూర్చునే కుర్చీని కూడా చూడండి. అందులో కూర్చుని, జేబులోంచి పెన్ను తీసి, ఒక నిండు పేజీ రాయండి. ఆ తర్వాత ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్లండి.